మంచుపెట్టెలో తోడు

ధర్మేందర్‌కు ఓపిక లేదని సూర్యాపేటలో అనని వాళ్లు లేరు. అతను మాత్రం ఒప్పుకోడు. "నాకు ఓపిక లేకపోతె మీ అందరి నెత్తురు ఎవడు దీస్తడు?" అని ఎదురు తిరుగుతాడు. అదీ నిజమే. ఒక రక్తపరీక్షల కేంద్రంలో అతని కొలువు. పొద్దున్నే బండి వెనక మంచుపెట్టె కట్టుకొని ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకురావాలి. ఒకరోజు కోదాడ, ఒకరోజు మిర్యాలగూడ, మధ్యలో చివ్వెంల, చిలుకూరు, ఎవరు పిలిస్తే అక్కడ. జనం అతనికి 'నెత్తురు ధర్మేందర్' అని పేరు పెట్టారు. బండి చప్పుడు వినగానే పిల్లలు మంచాల కింద దూరతారు. పెద్దవాళ్లకు దూరే వయసు కాదు కాబట్టి వేరే రకంగా సతాయిస్తారు.

కోదాడలో రామనర్సయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు. పరగడుపున ఉండాలని ముందురోజే ఫోన్ చేసి చెబుతాడు ధర్మేందర్. తీరా వెళ్తే ఆయన మూతి తుడుచుకుంటూ బయటికొస్తాడు.

"ఏమన్నా తిన్నరా సార్?"

"అబ్బే, ఏం తినలేదండి. ఉత్త రెండిడ్లీలేనండి."

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు యజమాని ఇల్లుంది. అక్కడ రాహుకాలం దాటేదాకా సూది గుచ్చనివ్వరు. అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిస్తారు, చాయ్ ఇస్తారు, చెయ్యి మాత్రం ఇవ్వరు. పెట్టెలో మంచు కరిగిపోతూ ఉంటుంది, బయట ఇతను ఉడికిపోతూ ఉంటాడు. ఆ రాహువు ఎవరో కనిపిస్తే ముందు వాడి నెత్తురు తీయాలని ఉందని ఒకసారి బహిరంగంగానే అన్నాడు.

ఇంటికొస్తే అయినా సుఖముందా అంటే అదీ లేదు. చివ్వెంల పక్క ఊళ్లో గొర్లు కాసిన మల్సూర్ కొడుకతను. పోలీసు ఉద్యోగం కోసం ఊరి చుట్టూ ఉరికి ఉరికి, చివరికి ఛాతీ కొలతలో తప్పి, ల్యాబ్ కోర్సులో చేరాడు. తెల్లకోటు కొలువని ఊరంతా చెప్పుకున్న తల్లి చంద్రమ్మే సాయంత్రం అతను వచ్చే వేళకు గడప బయట బకెట్ నీళ్లు పెట్టుకొని నిలబడుతుంది. ఎవరెవరి నెత్తురో ముట్టిన చేతులతో లోపలికి రావద్దు. చలికాలమైనా సరే, నెత్తిన నీళ్లు పడాల్సిందే.

"గ్లౌజులు ఏసుకున్ననే అమ్మా. సబ్బుతోని కడుక్కున్న."

"సబ్బుకు మైల పోతదా? నిలబడు."

ఇట్లాంటి మూఢనమ్మకాల మధ్య తనొక్కడే సైన్సు మనిషినని ధర్మేందర్‌కు గట్టి నమ్మకం. అయితే నాలుగు దారుల దగ్గర కోసి పారేసిన నిమ్మకాయ కనిపిస్తే మాత్రం బండిని వంకర తిప్పి, బురదలోంచైనా పోతాడు. ఎందుకంటే టైరు పంచరవుతుందట. నిమ్మకాయకు టైరు ఎట్లా పంచరవుతుందో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అట్లాంటి మనిషికి తిరుమలగిరి అవతలి తండా పని తగిలింది.

ఆ తండాలో రమ్య అని చిన్నపిల్ల ఉంది. ఇంకా బడి మొహం చూడలేదు. కిందటేడు కడుపునొప్పని ఏడుస్తుంటే నులిపురుగులనుకున్నారు, దిష్టి అనుకున్నారు. ఆఖరికి హైదరాబాద్ తీసుకుపోతే కిడ్నీ పైన గడ్డ ఉందని తేలింది. న్యూరోబ్లాస్టోమా అన్నారు. పిల్లల్లో నాడుల కణాల నుంచి పుట్టే క్యాన్సర్. కోసి తీశారు, మందులెక్కించారు, ఊడిన జుట్టు మళ్లీ మొలిచింది. ఇక ఉన్న భయమల్లా ఒక్కటే, అది తిరిగొస్తుందేమోనని. హైదరాబాద్‌లో ఒక పరిశోధన కేంద్రం వాళ్లు ఇట్లాంటి పిల్లల రక్తాన్ని అప్పుడప్పుడు తెప్పించుకొని చూస్తున్నారు. రమ్య రక్తం తెచ్చే బాధ్యత సూర్యాపేట కేంద్రానిది, అంటే ధర్మేందర్‌ది.

ఆ పని చూసే వందన మేడం మొదట్లోనే ఫోన్ చేసి ఓపికగా చెప్పింది.

"ధర్మేందర్ గారూ, జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ అనే నకళ్లు తయారవుతాయి. కొన్ని నకళ్లను బట్టి కణం ప్రొటీన్లు చేసుకుంటుంది. కొన్నింటి నుంచి ఏ ప్రొటీనూ రాదు. వాటిని నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏలు అంటాం. పనికిరానివని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఏ ప్రొటీన్ ఎంత కావాలి, ఎప్పుడు ఆపాలి అన్నది చాలాచోట్ల ఇవే చూసుకుంటాయి. ఈ గడ్డల్లో ఆపేవి కొన్ని తగ్గిపోతాయి, ఎగదోసేవి కొన్ని పెరిగిపోతాయి. దాంతో పెరిగి నాడి కావాల్సిన కణం పెరగనే పెరగదు. పసికణంగానే ఉండి, ఒకటి రెండై, రెండు నాలుగై ఊరికే పుట్టుకొస్తూ ఉంటుంది."

"మా పెద్దబాపు తీర్గ అన్నట్టు మేడం."

"ఎవరు?"

"మా పెద్దబాపు, మా నాయిన వాళ్ల అన్న. ఏ పెండ్లికి పోయినా వంటల కాడ కుర్చీ ఏసుకొని కూసుంటడు. గరిటె ముట్టడు, ఉల్లిగడ్డ కొయ్యడు. ఇగ సాలు, పొయ్యి దించురి అంటడు, అంతే. ఉత్త పెత్తనమని మేం నవ్వుకునేది. ఒక్క పెండ్లికి ఆయన రాకపోయేసరికి అన్నం మాడింది, పప్పు పొంగిపోయింది."

వందన మేడం నవ్వి, దాదాపు అట్లాంటిదేనంది. గడ్డ మళ్లీ మొదలైతే దాని చిన్న ఆర్‌ఎన్‌ఏలు కొన్ని రక్తంలోకి రావచ్చని, వాటిని చూసి ముందే పసిగట్టగలమా అన్నదే పరిశోధనని చెప్పింది. "ఇది ఖాయమైన పరీక్ష కాదు. దీన్ని చూసి మందులు మార్చం. అనుమానం వస్తే మాత్రం స్కానింగ్ ముందుకు జరుపుతాం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. రక్తం చల్లగా ఉండాలి, కుదపకూడదు. కుదిపితే రక్తకణాలు పగిలి వాటి లోపలి ఆర్‌ఎన్‌ఏలు కలిసిపోతాయి. ఏది గడ్డదో ఏది కాదో మాకు తెలియదు."

ఇంతేనా అనుకున్నాడు ధర్మేందర్. మొదటిసారి రక్తం తీసి, మంచుపెట్టెలో పెట్టి, సూర్యాపేట తెచ్చి, కేంద్రంలో మిషన్ తిప్పే యాదయ్య చేతిలో పెట్టాడు. మిషన్‌లో తిప్పితే రక్తకణాలు అడుక్కు దిగి పైన పసుపు నీరు తేలాలి. తేలింది ఎర్రనీరు.

"కణాలు పగిలినయిరా. గుంతలల్ల ఎగిరేసుకుంట వచ్చినవా?" అన్నాడు యాదయ్య.

ధర్మేందర్ రోడ్డును తిట్టాడు. రోడ్డేసిన కాంట్రాక్టర్‌ను, వాడి ముందు తరాలను కూడా వదల్లేదు. రెండోసారి పెట్టె కింద స్పాంజి కట్టాడు. సైకిళ్లు కూడా దాటిపోయేంత నెమ్మదిగా నడిపాడు. మళ్లీ ఎర్రనీరే. ఈసారి తిట్టడానికి రోడ్డు సరిపోలేదు. సూదిని తిట్టాడు, ట్యూబులు చేసిన కంపెనీని తిట్టాడు, ఎండను తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని యాదయ్య అంటే అతనితో మాటలే బంద్ చేశాడు.

వందన మేడం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "మూడోసారి కూడా పాడైతే రమ్యను ఈ స్టడీలోంచి తీసేయాల్సి వస్తుంది ధర్మేందర్ గారూ. నియమం అట్లా ఉంది" అంది.

తీసేస్తే మళ్లీ స్కానింగ్ తేదీ వచ్చేదాకా ఆ పిల్ల లోపల ఏం జరుగుతోందో కనిపెట్టి చూసేవాళ్లుండరు. ధర్మేందర్‌కు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. తన పనికి వంక వచ్చిందన్న ఉక్రోషం ఒకటైతే, రమ్య ఇంకొకటి. తన బండి చప్పుడు విని మంచం కింద దూరకుండా ఎదురొచ్చే పిల్ల ఈ చుట్టుపక్కల అదొక్కతే. ఆ సంగతి పైకి చెప్పుకునే రకం కాదు కాబట్టి, "నా నెత్తిన శని కూసున్నది" అనుకుంటూ మూడోసారి బయల్దేరాడు.

ఎండలు మండుతున్నాయి. తండాలో రమ్య తల్లి కమ్లి, నాయనమ్మ కమలాబాయి ఇంటి ముందే ఉన్నారు. రమ్య చెయ్యి చాపింది కాని, ఊరికే కాదు. ముందు చేతికి కట్టే రబ్బరు పట్టీ తను అతనికి కట్టాలి, అతను అబ్బా అనాలి, ఆ తర్వాతే ఆమె చెయ్యి ఇస్తుంది. ప్రతిసారీ ఇదే తంతు.

"అబ్బా అన్న కద. ఇగ తియ్యనియ్యి."

"మెల్లగ అన్నవ్. గట్టిగ అను."

గట్టిగా అన్నాడు. రక్తం తీసి, ట్యూబును మంచుపెట్టెలో పెట్టి, వరండాలో నీడ చూసి ఉంచాడు. తండాకు వచ్చాడంటే ఎవరో ఒకరు షుగర్ చూడమంటారు. అవతలి ఇంట్లో హర్యా అనే ముసలాయన అప్పటికే చెయ్యి చాపుకొని కూర్చున్నాడు. తీరా అక్కడికి పోయి చూస్తే రబ్బరు పట్టీ లేదు. ఈ పిల్లే తను ఆడుకునే మేకపిల్ల కాలికి కట్టి ఉంటుందని గొణుక్కుంటూ వెనక్కి వచ్చాడు.

వరండాలో పెట్టె మూత తీసి ఉంది. కమలాబాయి గోడ వారన గొంతుక్కూర్చొని, రమ్య రక్తమున్న ట్యూబును రెండు అరచేతుల మధ్య పెట్టుకొని గబగబా రుద్దుతోంది. మధ్యమధ్య నోటి దగ్గర పెట్టుకొని వెచ్చగా ఊదుతోంది. చలికి వణికే పిల్ల చేతుల్ని ఎట్లా రుద్దుతారో అట్లా.

ధర్మేందర్‌కు పై ప్రాణం పైనే పోయింది. "అవ్వా, ఏం జేస్తున్నవ్?"

ఆమె దొంగలా ఉలిక్కిపడలేదు. "ఐసు తీర్గ అయింది కొడుకా. జర ఎచ్చగ జేస్తున్న. మళ్ల పెట్టెల పెడ్తగని."

"పోయినసారి గూడ గిట్లనే రుద్దినవా?"

"రుద్దకుంటె ఎట్ల?"

అతను నెత్తిన చేతులు పెట్టుకొని అక్కడే కూలబడ్డాడు. అనవసరంగా తిట్లు తిన్న రోడ్డు కాంట్రాక్టర్ గుర్తొచ్చాడు. యాదయ్య గుర్తొచ్చాడు. "నీకేం పాపం జేసిననే అవ్వా? రెండుసార్లు ఖరాబ్ జేసినవ్. నీ రుద్దుడుకు నెత్తురంత పగిలిపోయింది. ఇగ పిల్ల పేరు కొట్టేస్తమంటున్నరు."

అప్పుడు కమలాబాయికి కూడా కోపమొచ్చింది. "నాకు సమజ్ కాదనుకుంటున్నవా? హైదరాబాద్ దవాఖానల మొదటిసారి నెత్తురు దీసి నా కండ్ల ముందటనే మంచుల బెట్టిన్రు. గా మాపటికి పిల్లకు సలిజెరం. గడగడ వణికింది. పిల్లకు సల్లగాలి తగలనియ్యొద్దని జెప్పింది మీ డాక్టరే. మల్ల పిల్ల నెత్తురే తీస్కపోయి మంచుల బెడ్తరు. నేను రుద్దిన రెండుసార్లు జెరం రాలే. అబద్దమైతె అడుగు కమ్లిని."

కమ్లి తల దించుకొని, రాలేదన్నట్టు ఊపింది.

"అవ్వా, ఒంట్లకెల్లి తీసినంక గా నెత్తురుకు పిల్లకు సంబంధం లేదు."

"సంబంధం లేకుంటె దాన్ల సూసి పిల్ల సంగతి ఎట్ల జెప్తరు?"

ల్యాబ్ కోర్సులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ధర్మేందర్ ట్యూబు కోసం చెయ్యి చాపాడు. ఆమె వదల్లేదు. "తండా తొవ్వల నిమ్మకాయ పడుంటె బండి గుంతలకు దించి పోయినవ్ పోయినసారి. నేను పత్తిచేన్లకెల్లి సూసిన. కోసిన కాయకు నీకు ఏం సంబంధముండె?"

"టైరు పంచరైతది" అన్నాడు ధర్మేందర్. తన చెవులకే ఆ మాట నప్పలేదు. ఇంటి గడప బయట బకెట్ పట్టుకొని నిలబడే తల్లి కళ్ల ముందు మెదిలింది. ఎక్కడికి పోయినా ఈ నమ్మకాల మనుషులే, ఇంట్లోనూ వీళ్లే, చివరికి తన లోపల కూడా వీళ్లే దూరారు. ఒళ్లు మండిపోయింది.

అరిచి లాభం లేదని తెలిసి, ఆమె పక్కన చతికిలబడి పెద్దబాపు కథ ఎత్తుకున్నాడు. పెండ్లి వంటలు, కుర్చీ, గరిటె ముట్టకుండా ఇగ సాలు అనే మనిషి. ఒంట్లో కూడా అట్లా సాలు అని చెప్పే చిన్న చిన్నవి ఉంటాయని, అవి చెప్పకపోతే గడ్డ పొంగుతుందని చెప్పాడు. కమలాబాయి చేతులు ఆగాయి.

"మా పిల్ల లోపట గా సాలు అనేటోడు లేడా కొడుకా?"

ధర్మేందర్ ట్యూబు వైపు వేలు చూపించాడు. "ఉన్నడో లేడో సూడనీకేనే గీ నెత్తురు. నువ్వు రుద్దితె అన్ని కలిసిపోతయి. ఆయన మాట వాళ్లకు వినబడదు."

ఆమె చేతిలోని ట్యూబును చూసింది, మేకపిల్లతో పెనుగులాడుతున్న మనవరాలిని చూసింది. "అయితె ఇది పాడైనట్టేనా?"

"పాడైనట్టే. మళ్ల తియ్యాలె."

"తియ్యి. నాది గూడ తియ్యి."

"నీదెందుకు? నీకేం రోగం?"

"పిల్లది ఒక్కటే గంత మంచుల ఎట్ల పోతది? నాది పక్కకు పెట్టు. సలి తగిలితె ముందు నాకు తగుల్తది. నేను ముసల్దాన్ని, ఓర్సుకుంట."

ధర్మేందర్ మళ్లీ మొదటికొచ్చాడు. ప్రతి ట్యూబుకు నంబరు ఉండాలన్నాడు. మేడం ఒప్పుకోదన్నాడు. ఇది సంత కాదు, ఒకటికి ఒకటి కొసరు వేయడానికన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఆమె చెయ్యి చాపి కూర్చుంది. నాది తీయకపోతే పిల్లది కూడా తీయనివ్వనని నోటితో అనలేదు కాని, కూర్చున్న తీరు అదే చెప్పింది.

ఆ చేతిని చూస్తే అతనికి ఏడుపొచ్చింది. మోచేతి దాకా గాజులు, వాటి కింద పచ్చబొట్లు, ఎండకు కమిలిన తోలు. నరం ఎక్కడో దేవుడికే తెలియాలి. మేకపిల్ల కాలికున్న పట్టీ విప్పుకొచ్చి, గాజులు కిందికి నెట్టి, బిగించి, రెండుచోట్ల గుచ్చి దొరక్క తిట్టుకున్నాడు. ఆమె చెయ్యి కదపలేదు. రమ్య వచ్చి పక్కన నిలబడింది.

"దాదీ, అబ్బా అను."

"అబ్బా" అంది కమలాబాయి.

"గట్టిగ."

నరం దొరికింది. తర్వాత రమ్యకు ఇంకోసారి గుచ్చాడు. ఆ పిల్ల అబ్బా అననే లేదు. ట్యూబులు రెండూ పెట్టెలో పక్కపక్కన పెడుతుంటే కమలాబాయి వంగి చూసింది. తనది ఇంకా దగ్గరికి జరపమంది. జరిపాడు. రమ్య ట్యూబుకు నంబరుంది. దీనికి ఏం రాయాలో తోచక, చిరాకుగా పెన్ను తీసి 'తోడు' అని రాశాడు.

సూర్యాపేటలో యాదయ్య రెండింటినీ మిషన్‌లో పెట్టాడు. మిషన్ ఆగేదాకా ధర్మేందర్ గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు. పసుపు నీరు తేలింది, నూనెలా తేటగా.

"ఇగో, ఇట్ల తేవాలె. గీ రెండోదేంది, నంబర్ లేదు?"

"నువ్వు అడగకు. పసుపు నీరు వేరే వేరే సీసాలకు వంచి, రెండు సీసాలు ఒక్కటే పెట్టెల పంపు."

"ఎవరిదని రాయాలె?"

"దానిమీద రాసే ఉన్నది. అదే రాయి." ఆ రకంగా యాదయ్యతో మాటలు కలిశాయి.

మర్నాడు వందన మేడం ఫోన్ చేసింది. "శాంపిల్ చాలా బాగుంది ధర్మేందర్ గారూ. రమ్య స్టడీలో ఉంటుంది. కానీ దాంతోపాటు ఒక సీసా వచ్చింది. నంబరు లేదు, తోడు అని రాసుంది. ఇదేమిటి?"

ఎట్లా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రుద్దడం, ఊదడం, చలిజ్వరం, గాజుల చెయ్యి, అన్నీ.

"అనుమతి లేని శాంపిల్ మేం ఫ్రీజర్‌లో పెట్టకూడదండి. పారేయాలి."

"తెలుసు మేడం. పాప సీసా లోపలికి పొయ్యేదాక పక్కకు ఉండనియ్యిరి. తర్వాత మీ ఇష్టం."

"మరి ఆవిడకు ఏం చెబుతారు?"

"నేను జెప్పుకుంట."

"సరే, ఉంచుతాను" అంది ఆమె.

ఫోన్ పెట్టేసి, ఈ వయసులో తనకు ఇదేం పనికిమాలిన రాయబారమని విసుక్కుంటూ తండాకు ఫోన్ కలిపాడు. కమ్లి ఎత్తింది. నెత్తురు మంచిగా చేరిందని, రమ్య పేరు కొట్టేయరని చెప్పాడు. కమ్లి ఊపిరి పీల్చుకోవడం ఇక్కడిదాకా వినిపించింది.

"పిల్లకు జెరం వచ్చిందా?" అని అడిగాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"రాలే అన్నా. గాడ మేకపిల్ల ఎంబడి ఉరుకుతున్నది. అత్తనే, గీ ఎండల దుప్పటి కప్పుకొని కూసున్నది నిన్నటి సంది. సలి పెడ్తున్నదంటది. దుప్పటి తియ్యవే అంటె, ఆడ నా నెత్తురు ఇంక మంచులనే ఉన్నది, నాకు తెలుస్తలేదా అంటది."

ధర్మేందర్‌కు కోపం నాలుక చివరిదాకా వచ్చింది. ఒంట్లోంచి తీసిన నెత్తురుకు, మనిషికి సంబంధం లేదని మళ్లీ చెప్పబోయాడు. బయట ఎండ పొయ్యిలా ఉంది. కమ్లి అవతల ఎదురుచూస్తోంది.

"చాయ్ పెట్టి ఇయ్యి ఆమెకు" అన్నాడు. "అల్లం ఎక్కువెయ్యి."